కాగితాల తెల్లవైపు

అమీర్‌పేట స్టేషన్‌లో మెట్రో రైలు మారి వెళ్ళిపోవాల్సినదాన్ని, ఎందుకో కిందికి దిగిపోయాను. వాన అప్పుడే వెలిసింది. మెట్ల కింద ఒక అమ్మాయి వచ్చేపోయేవాళ్ళ చేతుల్లో పాంప్లెట్లు పెట్టబోతోంది. నా ముందు వెళ్తున్నవాళ్ళంతా ఫోన్లలోకి తలలు దించుకుని తప్పించుకున్నారు. నేను తీసుకున్నాను. తీసుకోగానే నా వేళ్ళు వాటంతట అవే కాగితాన్ని వెనక్కి తిప్పాయి.

వెనక కూడా అచ్చే. వేలెడంత తెల్లజాగా లేదు.

నేను దేనికోసం వెతుకుతున్నానో ఆ పిల్లకేం తెలుసు! "ఫీజు అంత ఎన్కకే ఉన్నది మేడమ్, జూడున్రి," అంది. తల ఊపి పక్కకు వచ్చి, స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. తడిసిన సిమెంటు వాసన. ఎక్కడో మిర్చి బజ్జీలకు నూనె కాగుతున్న వాసన. ఆ రెండూ కలిసి ముక్కుకు తగిలేసరికి, చుట్టూ ఉన్న జనం కాస్త పలచబడినట్టయింది. నేను మూడో తరగతి పిల్లనయ్యాను.

అప్పటికి అమీర్‌పేటలో తలల మీద రైళ్ళు లేవు. ఆకాశం ఉండేది, దానికి అడ్డంగా బోర్డులుండేవి. మైత్రీవనం చుట్టుపక్కల ప్రతి మేడకూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు, ఒకదాని భుజాల మీద ఇంకొకటి ఎక్కి తొంగి చూస్తున్నట్టు ఉండేవి. మేము ఎస్.ఆర్. నగర్ వైపు సందులో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. ముందు గదిలో నాయనమ్మ మంచం, బియ్యం డబ్బా, అమ్మ ట్రంకుపెట్టె. వెనక గదిలో పొయ్యి, మా పడకలు. నాన్న పంజగుట్టలో బట్టల దుకాణంలో పనిచేసేవాడు. ఆయన వచ్చేసరికి నేను నిద్రపోయేదాన్ని. అందుకే ఆ రోజుల్లో నాన్న నాకు ఎక్కువగా మడతలు విప్పని కొత్త బట్టల వాసనగానే గుర్తు.

వంటింటి కిటికీ అవతల మగపిల్లల హాస్టలు. తెల్లవారకముందే అక్కడ పెద్ద గిన్నెలో సాంబారు తెర్లేది. ఆ ఇంగువ వాసనకే నాకు మెలకువ వచ్చేది. పక్క వాటాలో ఖాలా వాళ్ళు. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. ఖాలా చేసే పుల్లటి ఖట్టీ దాల్ గిన్నె మా ఇంటికీ, నాయనమ్మ కాల్చిన సర్వపిండి వాళ్ళింటికీ గోడ మీదుగా నడిచిపోతుండేవి. ఖాలా కొడుకూ నేనూ ఒకే తరగతి, ఒకే బెంచీ.

మా అమ్మ మా బడిలోనే డ్రాయింగ్ టీచర్. డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ రెండు పరీక్షలూ పాసైంది. బడంటే పెద్ద భవనం కాదు. ఎవరో ఉండటానికి కట్టుకుని అద్దెకిచ్చిన మేడ. వంటగదిలో ఒకటో తరగతి జరిగేది, అక్కడి గోడలకు తిరగమోత మరకలు ఇంకా ఉండేవి. హాల్లో మధ్య చెక్క తడిక పెట్టి ఇటు మూడు, అటు నాలుగు. అటువైపు ఎక్కాలు ఇటు వినిపించేవి. నాలుగో తరగతి లెక్కలు మాకు ముందే వచ్చేయడానికి అదే కారణం.

అమ్మ నాకొక షరతు పెట్టింది. గేటు బయట అమ్మ, గేటు లోపల టీచర్. ఒకసారి మర్చిపోయి, "అమ్మా, పెన్సిల్ ఇరిగింది," అన్నాను. క్లాసంతా నవ్వింది.

"ఈడ అమ్మ ఎవ్వరు లేరు," అంది అమ్మ, నావైపు చూడకుండా. "టీచరున్నది. పెన్సిల్ ఎవరిది ఇరిగింది?"

నేను చెయ్యెత్తాను. అందరికీ చెక్కి ఇచ్చినట్టే నాకూ చెక్కి ఇచ్చింది.

నన్ను బాధపెట్టింది అది కాదు. ఇంట్లో అమ్మ వేరే మనిషి. పొయ్యి ముందు చెమటలు కక్కుతూ, ఒక చేత్తో రొట్టె తిప్పుతూ, ఇంకో చేత్తో నా జడ లాగి అల్లుతూ, "కదలకు, కదలకు," అనే మనిషి. బడిలో డ్రాయింగ్ పీరియడ్ మొదలయ్యేసరికి ఆమె గొంతు మెత్తబడేది. పిల్లల పక్కన నేల మీద చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చునేది. "ఏం నాయనా, ఏమేస్తున్నవ్? జర నాకు సుత జూపియ్యి," అనేది. ఆ నాయనా, ఆ తల్లీ అన్నీ వాళ్ళకే. మా ఇంట్లో లేని అమ్మ ఒకామె బడిలో ఉంది, ఆమె అందరికీ దొరుకుతుంది, నాకు తప్ప అనిపించేది.

బడిలో బొమ్మలకు కాగితాలుండేవి కావు. డ్రాయింగ్ పుస్తకాలు కొనమంటే తల్లిదండ్రులు కొనరని హెడ్ మేడమ్ ముందే చెప్పేసింది. లెక్కల నోటుబుక్ చివరి పేజీల్లో గీస్తే లెక్కల టీచర్ చెవి మెలేసేది. ఒకరోజు పొద్దున మైత్రీవనం ముందు నుంచి నడుస్తూ అమ్మ ఠక్కున ఆగింది. రోడ్డు నిండా పాంప్లెట్లు. జనం ఒక చేత్తో తీసుకుని నాలుగడుగుల తర్వాత వదిలేసేవారు. అమ్మ వంగి ఒకటి తీసి, దుమ్ము దులిపి, వెనక్కి తిప్పింది.

"బంగారమసొంటి తెల్లకాయిదం," అంది. "కాళ్ళ కింద ఏసి తొక్కుతున్నరు."

ఆ రోజు నుంచి మా తరగతి మొత్తానికి అదే పని. బడికి వచ్చేటప్పుడు ఒకరు ఒకవైపు నుంచి, ఇంకొకరు ఇంకోవైపు నుంచి ఏరుకొచ్చేవాళ్ళం. కింద దొరికేవి మురికిగా ఉంటాయని పంచేవాళ్ళ దగ్గరికే వెళ్ళడం మొదలుపెట్టాం. ఒకసారి తీసుకుని, ఆటో చాటున తిరిగి, జేబురుమాలు తలకు కట్టుకుని కొత్త మనిషిలా మళ్ళీ వెళ్ళేవాడు ఖాలా కొడుకు. పంచే అన్నకు అనుమానం వచ్చింది.

"ఏంరా, నువ్వు సుత జావా నేర్చుకుంటవా?"

"నాక్కాదన్న. మా అబ్బాకు."

"మీ అబ్బా ఏం జేస్తడు?"

"మెకానిక్కు."

ఆ అన్న నవ్వి, కట్టలోంచి గుప్పెడు తీసి ఇచ్చేశాడు. ఇవాళ్టికి ఇంక చాలు పొండి అన్నాడు. వాటిని చొక్కా లోపల దోపుకుని, పొట్ట గరగరలాడుతుంటే బడికి పరుగెత్తాం.

నలిగిన కాగితాలన్నీ అమ్మ ఇంటికి తెచ్చేది. నాయనమ్మ రోజూ గొణిగేది. "గల్లీల చెత్తంత ఇంటికే మోసుకొస్తున్నరు తల్లీబిడ్డలు. గీ బొమ్మలు కూడు వెడ్తయా, గుడ్డ వెడ్తయా?" అంటూనే, వాటిని ఒక్కొక్కటిగా అరచేత్తో సాపు చేసి తన పరుపు కింద పరిచేది. పొద్దున్నే లేచి నడుము పట్టుకుని, "రాత్రంత వీపు కింద కరకర. కునుకు వడ్తె ఒట్టు," అనేది. ఇస్త్రీ చేసినట్టుండే ఆ కాగితాలకు నాయనమ్మ వాడే అమృతాంజనం వాసన పట్టుకుని ఉండేది. మా తరగతి బొమ్మలన్నీ ఆ వాసనే వేసేవి.

రంగులు ఒక బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. అన్నీ ముక్కలే, మైనపు రంగులు. అందరి ఇళ్ళలోనూ విరిగి మూలన పడ్డవన్నీ అందులోకి చేరేవి. మూత తీయగానే కొవ్వొత్తి లాంటి, పాత పెట్టె లాంటి వాసన. నారింజ రంగు నారింజ రుచి ఉంటుందని ఎవరో అన్నారు. మేమంతా వరసగా నాకి చూశాం. ఉండదు. ఆకుపచ్చది మాత్రం కొంచెం చేదుగా ఉంటుందని ఖాలా కొడుకు చాలా రోజులు వాదించాడు.

మొదటిరోజు అమ్మ, "మీకిష్టమైంది గీయున్రి," అంది. మేమంతా ఒకటే గీశాం. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు, ఒక ఏరు. అమ్మ అన్నిటినీ నేల మీద పరిచి, చుట్టూ తిరిగి చూసింది.

"ఎవరింటి ఎన్క కొండలున్నయి?"

ఎవరూ చెయ్యెత్తలేదు.

"ఏరు ఎవరింటి ముంగట పారుతది?"

"మా ఇంటి ముంగట మోరి పారుతది టీచర్," అన్నాడు ఒకడు. మురుగుకాలువ పేరెత్తగానే అందరం పడీ పడీ నవ్వాం. అమ్మ నవ్వలేదు.

"మరి మోరే గీయి నాయనా. ఎవరియో కొండలు మనకెందుకు? మీ ఇంటి కిటికీలకెల్లి ఏం కనిపిస్తదో అది గీయున్రి."

మేం మొహాలు చూసుకున్నాం. కిటికీలోంచి కనిపించేవి బొమ్మలెలా అవుతాయి? కానీ అమ్మ మమ్మల్ని కళ్ళు మూసుకోమంది. "ఇంటున్నరా? ఏం సప్పుడు?" కాసేపటికి ఒక్కొక్కటే వినిపించడం మొదలైంది. కుక్కర్ విజిల్. బల్కంపేట వైపు ఎక్కడో బోనాలకు డప్పు సరిచేసుకుంటున్న చప్పుడు. ఉల్లిగడ్డల బండివాడి కేక. ఎవరో బకెట్ కింద పెట్టిన చప్పుడు. "ఇప్పుడు కండ్లు తెరువకుంటనే జెప్పున్రి. ఆ బకెట్ పెట్టినామె చీరె ఏం రంగు?" మేం కళ్ళు మూసుకునే ఎర్రదని, పచ్చదని, పూలున్నాయని అరిచేవాళ్ళం. కళ్ళు తెరిచాక గీసేవాళ్ళం. మధ్యాహ్నపు వెలుతురు తడిక సందుల్లోంచి చారలు చారలుగా కాగితాల మీద పడేది. అవతల ఎక్కాలు, ఇవతల రంగులు గీకే చప్పుడు. ఆ పీరియడ్ ఎంతసేపుండేదో నాకిప్పటికీ తెలియదు. గంట కొట్టినప్పుడల్లా నిద్రలోంచి లేపినట్టుండేది.

అలా నీళ్ళ ట్యాంకులొచ్చాయి మా బొమ్మల్లోకి. కేబుల్ వైర్లు, ఆరేసిన లుంగీలు, బస్సు వెనక వేలాడే మనుషులు వచ్చారు. ఖాలా కొడుకు వాళ్ళ నాన్నను గీశాడు. పంజగుట్టలో కారు కింద దూరి పనిచేస్తుంటాడు కాబట్టి వాడికెప్పుడూ కనిపించేవి కాళ్ళే. కాగితం నిండా నల్లటి కారు, దాని కింద నుంచి బయటికి రెండు పాదాలు. ఒక చెప్పుకు పిన్నీసు. అమ్మ ఆ కాగితాన్ని ఎత్తి పట్టుకుని, చాలాసేపు చూసి, అందరికీ తిప్పి చూపించింది. వాడు చెవుల దాకా ఎర్రబడ్డాడు.

ఆ చూపు నాకు కావాలనిపించింది.

అమ్మ ట్రంకుపెట్టెలో పరీక్షకు వేసిన నెమలి బొమ్మ ఒకటుండేది. అమ్మ బజారుకు పోయినప్పుడు తీసి చూసి, చూసి, చూడకుండా గీయగలిగేంత నేర్చుకున్నాను. ఒక పీరియడ్‌లో ఆ నెమలిని అచ్చం అలాగే వేశాను. ఈకల్లో కళ్ళతో సహా. పక్క బెంచీల వాళ్ళు లేచి వచ్చి చూశారు. అమ్మ నా దగ్గర ఆగింది. 

"గిది నా నెమలి," అంది మెల్లగా, నాకొక్కదానికే వినిపించేలా. "నీదేది?"

ముందుకు వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నేను సర్వపిండి ముట్టలేదు. నాయనమ్మ నుదురు తాకి చూసి, "పిల్లకు దిష్టి తాకింది," అని ఉప్పు తిప్పి పోసింది. అమ్మ బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

తర్వాత కొన్నాళ్ళు నేనేమీ గీయలేదు. కాగితం మీద గీతలు గీసి కొట్టేసేదాన్ని. ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఉక్కపోతకు వంటింటి కిటికీ గట్టు మీదికెక్కి కూర్చున్నాను. హాస్టల్ డాబా మీద సన్నగా పొడుగ్గా ఉన్న ఒకబ్బాయి, మెడలో ఎర్ర తువ్వాలుతో అటూ ఇటూ తిరుగుతూ ఇంగ్లీషులో ఏదో వల్లిస్తున్నాడు. అతన్ని రోజూ చూస్తూనే ఉంటాను. ఆ రోజు మాత్రం అతను నల్లటి నీళ్ళ ట్యాంకు ముందుకొచ్చి ఆగాడు. తువ్వాలు తీసి గోడ మీద పెట్టాడు. చొక్కా సర్దుకున్నాడు. "గుడ్ మార్నింగ్ సార్," అని ట్యాంకుకు నమస్కారం పెట్టాడు. జవాబు కోసం ఆగినట్టు ఆగాడు. "థాంక్యూ సార్," అని, కూర్చున్నట్టు మోకాళ్ళు వంచాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళి మొదటి నుంచి మొదలుపెట్టాడు.

నాకు నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు పోయింది. పడమటి వెలుగులో ట్యాంకు పెద్ద పొట్టతో నిజంగానే ఎవరో ఆఫీసరులా ఉంది. అతను దాని ముందు మరీ చిన్నగా ఉన్నాడు. నాయనమ్మ పరుపు కింద నుంచి ఒక కాగితం లాగి, చీకటి పడేలోగా గీసేశాను. అమ్మకు చూపించలేదు. మళ్ళీ "నీదేది" అంటుందేమోనని భయం.

అప్పుడే బడికి కంప్యూటర్ వచ్చింది.

నేను మంచినీళ్ళ కుండ దగ్గర ఉన్నాను. హెడ్ మేడమ్ గది కిటికీ అక్కడే. మేడమ్‌ది కోస్తా వైపు. గొంతు పెద్దదే గాని మనిషి చెడ్డది కాదు.

"నాకేం బొమ్మలంటే కోపమా చెప్పండి టీచర్ గారూ? పక్క వీధి స్కూల్లో కంప్యూటర్ పెట్టారు. మన పిల్లలు ఎంతమంది అటు పోయారో మీకు తెలుసు. ఉన్న ఆ కాస్త టైమ్‌లోనే కంప్యూటర్ పీరియడ్ ఇరికించాలి. డ్రాయింగ్ తీసేయడం తప్ప నాకు దారేంటి?"

 కుండలో గ్లాసు ముంచితే చప్పుడవుతుందని నేను అలాగే నిలబడ్డాను.

"కంప్యూటర్ రూమ్ ఓపెనింగ్‌కు పేరెంట్స్ అందరొస్తరు గద మేడమ్," అంది అమ్మ. "ఆ ఒక్క దినం పైన డాబా మీద పిల్లల బొమ్మలు వెడ్త. వాళ్ళు జూసినంక మీ ఇష్టం. నేను మళ్ళ అడగ."

"పెట్టుకోండి. గోడలకి మేకులు మాత్రం కొట్టకండి."

ఆ రాత్రి అన్నాలప్పుడు నాయనమ్మ, "పనే పోతదా ఏంది?" అంది. అమ్మ పచ్చిపులుసు వడ్డిస్తూ, "పోదు అత్తమ్మా. చిన్న క్లాసులకు ఏస్తరట. బొమ్మలే పోతయి," అంది. బొమ్మలే పోతాయి అన్నప్పుడు ఆమె గొంతు బడిలో గొంతులా ఉంది. ఇంట్లో ఆ గొంతు వినడం నాకదే మొదలు.

ఆ రోజు వచ్చింది. ఆషాఢం, మబ్బు పట్టి ఉంది. డాబా మీద ఇంటివాళ్ళ బట్టల తీగలు అటూ ఇటూ ఉండేవి. ఎవరింట్లో ఉన్న క్లిప్పులు వాళ్ళం తెచ్చాం. ఖాలా తన బుర్ఖా ఆరేసుకునే పెద్ద క్లిప్పులు కూడా పంపింది. అమ్మ తీగల వెంట నడుస్తూ ఒక్కో బొమ్మనూ తగిలించింది. అమృతాంజనం వాసన, మైనపు రంగుల వాసన, వానకు ముందు వచ్చే మట్టి వాసన. ఎవరూ చూడకుండా నా బొమ్మను చివరి తీగకు, మూలన, ఇంకో రెండు బొమ్మల వెనక నేనే తగిలించాను. పేరు రాయలేదు.

కింద కొబ్బరికాయ కొట్టారు. అగరొత్తుల పొగ పైకి వచ్చింది. కంప్యూటర్‌కు కుంకుమ బొట్టు పెట్టి దండ వేశారని, గది చల్లగా ఉందని, చెప్పులు విప్పి లోపలికెళ్ళాలని పిల్లలు వచ్చి చెప్పారు. తల్లిదండ్రులంతా వరసలో నిలబడ్డారు. అమ్మ పొద్దున కట్టుకున్న గంజి చీరలో మెట్ల పైన నిలబడి ఎదురుచూసింది. మెట్ల మీద అడుగుల చప్పుడు లేదు. ఒకామె సగం దాకా వచ్చి, "బాత్రూమ్ ఇటేనా అమ్మా?" అని అడిగి దిగిపోయింది. మేం తీగల కింద కూర్చుని మరమరాలు తిన్నాం. అమ్మ వచ్చి క్లిప్పులు సర్దింది. మళ్ళీ మెట్ల దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ వచ్చి సర్దింది.

అప్పుడు గాలి లేచింది.

ముందు తీగలన్నీ ఒకేసారి ఊగాయి. కాగితాలు రెక్కలు విదిల్చినట్టు టపటపలాడాయి. తర్వాత ఒకటి ఊడింది. దాని వెనక ఇంకొకటి. చూస్తుండగానే తీగ వెంట తీగ ఖాళీ అయిపోయింది. బొమ్మలు పిట్టగోడ దాటి, సందు మీదికి, అక్కడి నుంచి ఇంకా పైకి లేచాయి. ఒకసారి బొమ్మవైపు కనిపించేది, ఒకసారి కోర్సులవైపు. నీళ్ళ ట్యాంకులు, బస్సులు, ఆరేసిన లుంగీలు, పిల్లులు, అన్నీ మైత్రీవనం వైపు గాలిలో తేలుతూ వెళ్ళాయి. కొన్ని కేబుల్ వైర్లకు చిక్కుకున్నాయి. కొన్ని ఆటోల మీద, టీ కొట్టు రేకు మీద వాలాయి. మాకు ఏడవాలని తోచలేదు. పిట్టగోడకు వేలాడి, "అగో నాది! అగో, నాది మస్తు దూరం పోయింది!" అని గంతులేశాం.

అమ్మ కదల్లేదు. చేతిలో ఒక క్లిప్పు పట్టుకుని, ఖాళీ తీగల మధ్య నిలబడి ఉంది. తర్వాత అక్కడి నీళ్ళ ట్యాంకు గట్టు మీద కూర్చుంది. నేను దగ్గరికి వెళ్ళాను గాని ఏమని పిలవాలో తెలియలేదు. గేటు లోపల ఉన్నాం. ఆమె పక్కన ఊరికే నిలబడ్డాను. ఆమె చెయ్యి నా వీపు మీదికి వచ్చి అక్కడే ఉండిపోయింది.

ఎంతసేపయిందో. మెట్ల మీద అడుగుల చప్పుడు. టీ కొట్టాయన, చేతిలో రెండు కాగితాలు. "టీచరమ్మా, ఇవి మీ పిల్లలయేనా? నా చాయ్ గిన్నెల పడబోయినయి. ఇగో, ఇందుల నా కొట్టు ఉన్నది," అని వేలు పెట్టి చూపించాడు. ఆయన వెనక ఇద్దరు హాస్టల్ పిల్లలు. వాళ్ళ వెనక పాంప్లెట్లు పంచే అన్న, తలగీరుకుంటూ. "నేను పంచినయే మళ్ళ నా మీదికొచ్చి వడ్డయి అమ్మా. ఎన్నడు లేంది ఇయ్యాల జనం ఆగి ఏరుకుంటున్నరు."

ఎవరెవరో మనుషులు బళ్ళోకి వచ్చి పైకెక్కుతుంటే కింద వరసలో ఉన్న తల్లిదండ్రులు ఏమైందోనని వాళ్ళ వెనక వచ్చారు. డాబా నిండిపోయింది. ఖాలా వాళ్ళాయన, మేమంతా ఖాలూ అనేవాళ్ళం, టీ కొట్టాయన చేతిలో కాగితం చూసి తీసుకున్నాడు. దగ్గరగా పెట్టుకుని చూశాడు. తన కాళ్ళవైపు చూసుకున్నాడు.

"అరే, ఇవి నా కాళ్ళే గదా," అన్నాడు. "చెప్పుకు పిన్ను సుత ఉన్నది."

"ముఖం ఎందుకు గీయలే బేటా?" అంది ఖాలా, కొడుకుతో.

"అబ్బా బయటికి రాడు గద అమ్మీ."

 ఖాలూ కొడుకు తల మీద చెయ్యి వేశాడు. నల్లటి గ్రీజు పట్టిన చెయ్యి. తీయలేదు.

అప్పుడే వెనక నుంచి ఒక గొంతు. "ఏవండీ, ఇది ఎవరు వేశారో కాస్త చెప్తారా?"

వెనక్కి తిరిగి చూశాను. అతనే. దగ్గర నుంచి చూస్తే ఇంకా సన్నగా ఉన్నాడు. నా బొమ్మ అతని చేతిలో ఉంది.

"మా హాస్టల్ గేటు దగ్గర పడిందండీ. ఇది మా డాబానే. ఈ ట్యాంకుకి దణ్ణం పెడుతున్నది…" సిగ్గుతో ఆగాడు. "నేనేనండీ."

అతనితో వచ్చినవాళ్ళు తొంగి చూసి ఒక్కసారిగా నవ్వారు. అతనూ నవ్వాడు. "ఎవరూ చూడట్లేదనుకున్నాను," అన్నాడు.

అమ్మ కాగితం తీసుకుంది. చాలాసేపు చూసింది. పేరు కోసం మూలలు వెతికింది. పిల్లలవైపు చూసింది. అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేను నేల చూశాను.

"నీదా?" అంది అమ్మ.

తల ఊపాను. అమ్మ ఏమీ అనలేదు. కానీ మళ్ళీ బొమ్మవైపు చూసింది. ఖాలా కొడుకు బొమ్మను చూసిన చూపు కంటే ఎక్కువసేపు. నాకు ఆ డాబా, ఆ మనుషులు అందరూ దూరంగా ఎక్కడో ఉన్నట్టనిపించింది.

"ఇది నేను ఉంచుకోవచ్చాండీ?" అన్నాడతను. "మా అమ్మకి పంపిస్తాను. ఫోన్ చేసినప్పుడల్లా అక్కడేం చేస్తున్నావురా అంటుంది. చెప్పడం నాకు చేతకావట్లేదు."

"నన్నడుగుతవేంది?" అంది అమ్మ. "ఆ పిల్ల బొమ్మ. ఆ పిల్లనడుగు."

అతను నా ముందు గొంతుక్కూర్చున్నాడు. ఇవ్వాలని నాకు లేదు. అమ్మ మొదటిసారి చూసిన నా బొమ్మ అది. ఇంటికి తీసుకుపోయి ట్రంకుపెట్టెలో నెమలి పక్కన పెట్టుకోవాలనుంది. అమ్మవైపు చూశాను. ఆమె నాకు సాయం రాలేదు. ఇవ్వమనీ అనలేదు, వద్దనీ అనలేదు. అతని కళ్ళ కింద నల్లగా ఉంది. చొక్కా కాలరు లోపలివైపు చిరిగి ఉంది. ట్యాంకు ముందు సర్దుకున్నది ఆ కాలరే.

"తీస్కో అన్నా," అన్నాను.

హెడ్ మేడమ్ అందరికంటే చివర్న, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. అప్పటికి ఎవరో తల్లి అమ్మను, "మా వానికి గిట్ల గీసుడు ఎప్పుడు నేర్పిన్రు టీచర్?" అని అడుగుతోంది. మేడమ్ అందరినీ చూసి, "అబ్బో, ఇంత జనం ఇక్కడున్నారేంటి," అంది. అమ్మతో, "ఈ ఏడాదికి ఉంచుదాం లెండి. వచ్చే ఏడాది సంగతి అప్పుడు చూద్దాం," అంది.

వచ్చే ఏడాది డ్రాయింగ్ పోయింది. అమ్మను చిన్నపిల్లల తరగతికి వేశారు. అక్షరాలు దిద్దించేది. కొన్నేళ్ళకు బడే పోయింది. ఆ మేడ కూడా హాస్టల్ అయింది, ఆ తర్వాత కూలగొట్టారు. ఇప్పుడు అక్కడ అద్దాల భవనం. నాయనమ్మ పోయింది. ఖాలా వాళ్ళు ఇల్లు మారారు. ఎర్ర తువ్వాలబ్బాయి ఆ వర్షాకాలంలోనే గది ఖాళీ చేశాడు. ఆ డాబా మీదికి ఇంకెవరో వచ్చారు. తర్వాత ఇంకెవరో. వాళ్ళనీ గీశాను. పెద్దయ్యాక నేను బొమ్మలు వేసే పనిలోకేమీ పోలేదు. ఆఫీసు ఉద్యోగమే.

ఆ సాయంత్రం స్టేషన్ నుంచి ఇంటికి వచ్చేసరికి అమ్మ బాల్కనీలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ తీయడం మొదలుపెట్టాను. ఆ రోజు సంగతి ఎత్తాను. గుర్తుందా అన్నాను.

"గుర్తు లేకేం? మీరంత ఎగిరి దుంకుతున్నరు. నా పానం పోతున్నది." ఇంకో కాయ ఈనె లాగింది. "గా పొడుగు పోరడు, ఆనికి నౌకరి దొరికిందో లేదో. అడ్రసన్న అడిగి పెట్టుకోకపోతి."

ఇన్నేళ్ళూ ఆమె మనసులో మిగిలింది అతనన్నమాట. నాకు నవ్వొచ్చింది, కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది. ఇంత వయసొచ్చాక అడగకూడదనుకుంటూనే అడిగాను. "నా బొమ్మ ఎట్లుండె అమ్మా? ఆ రోజు ఏమన్లేదు నువ్వు."

అమ్మ చేతిలో కాయ ఆపి, అదేం ప్రశ్న అన్నట్టు నావైపు చూసింది.

"ఆ పోరడు తనను తాను గుర్తువట్టిండు గద బిడ్డా," అంది. "ఇంక నేననేది ఏముంటది?"

ఈనె తీసిన కాయలు గిన్నెలోకి తోసి, ఇంకో గుప్పెడు ఒళ్ళో వేసుకుంది.